చాక్లెట్లు తేవద్దు, పనికి కూలి ఇవ్వండి

పోచంపల్లి చూడటానికి వస్తామని ఫోను చేసేవాళ్లకు నేను ముందుగా చెప్పే మాట ఒకటుంది. పిల్లలకు చాక్లెట్లు, పెన్నులు, బిస్కెట్ ప్యాకెట్లు తేకండి. కొందరు నొచ్చుకుంటారు. ప్రేమతోనే కదా తెస్తున్నాం అంటారు. ఆ ప్రేమ మీద నాకు ఎలాంటి అనుమానమూ లేదు. అయితే ఆదివారం కారు ఆగగానే పిల్లలు చుట్టూ మూగి చేతులు చాపడం మొదలైతే, కొన్నాళ్లకు అది అలవాటుగా మారుతుంది. సోమవారం కూడా ఏదైనా కారు రాకపోతుందా అని బడి ఎగ్గొట్టి వీధి మొదట్లో నిలబడే పిల్లాడు ఒకడు తయారవుతాడు. అలాంటి పిల్లాడిని నేను చూశాను. వాడి అమ్మ మా పొదుపు సంఘంలోనే ఉంది, నా ముందు కూర్చుని ఏడ్చింది. అందుకే ఈ విషయంలో మొహమాటపడటం మానేశాను.

మాది చేనేత ఇల్లు. మా ఆయన మగ్గం నేస్తారు, నేను ఆసు పోస్తాను, అంటే నేతకు ముందు దారాన్ని మేకుల మీద వరసలుగా పరుస్తాను, డెబ్బై దాటిన మా అత్తమ్మ ఇప్పటికీ కండెలు చుడతారు. నేను పుట్టింది చౌటుప్పల్ దగ్గరి కొయ్యలగూడెంలో, అదీ మగ్గాల ఊరే. డిగ్రీ దాకా చదివాను కాబట్టి సంఘం లెక్కలు రాసే బాధ్యత నా మీద పడింది. ఊరు చూడవచ్చినవాళ్లను నేతగాళ్ల ఇళ్లకు తీసుకువెళ్లడం, వచ్చిన డబ్బులో కొంత పిల్లల చదువు కోసం పక్కన పెట్టడం మా సంఘంలో కొందరు ఆడవాళ్లం కలిసి పెట్టుకున్న పని. దానికి పేరు లేదు, బోర్డు లేదు. లెక్కల పుస్తకం ఉంది, బ్యాంకులో ఖాతా ఉంది, నెలకోసారి అందరం కూర్చుని ఆ పుస్తకం చదువుకోవడం ఉంది.

ఈ ఊరికి బయటివాళ్లు రావడం కొత్త కాదు. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే ఇక్కడికి వచ్చినప్పుడు, భూమిలేని దళిత కుటుంబాలు తమకు 80 ఎకరాలు కావాలని అడిగితే, వెదిరె రామచంద్రారెడ్డి లేచి 100 ఎకరాలు ఇస్తానన్నారు. భూదానోద్యమం అక్కడ పుట్టింది, ఊరి పేరు ముందు భూదాన్ చేరింది. అప్పటి నుంచి వినోబా మందిరం చూడటానికి ఎవరో ఒకరు వస్తూనే ఉన్నారు. 2016లో జిల్లాలు మారి మేం యాదాద్రి భువనగిరి జిల్లాలోకి వచ్చాం, పెద్దవాళ్ల నోట మాత్రం ఇప్పటికీ నల్లగొండే. 2021 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి ప్రపంచ పర్యాటక సంస్థ మా ఊరిని ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా గుర్తించాక, హైదరాబాద్ నుంచి వచ్చే కార్లు బాగా పెరిగాయి.

కార్లు పెరిగితే మగ్గం మీద కూర్చున్నవాడికి ఏం ఒరిగింది? నన్ను అడిగితే, మొదట్లో పెద్దగా ఏమీ లేదు. వచ్చినవాళ్లు రోడ్డు మీది దుకాణాల ముందు ఆగుతారు, చీరలు కొంటారు, ఒక ఫొటో తీసుకుంటారు, చీకటి పడకముందే వెళ్లిపోతారు. ఆ చీర నేసినవాడికి చీరకు ఇంత అని మజూరి ముందే తేలిపోయి ఉంటుంది. దుకాణంలో ఎంతకు అమ్ముడుపోయినా అతనికి వచ్చేది అంతే. దుకాణదారుల మీద నాకు కోపం లేదు. నూలు, రంగులు, పట్టు అన్నీ వాళ్ల పెట్టుబడే, సరుకు అమ్ముడుపోకపోతే నష్టమూ వాళ్లదే. నేను చెప్పేది ఒక్కటే. ఊరికి వచ్చిన డబ్బు ఊరి రోడ్డు మీదే తిరిగి వెళ్లిపోతే, వెనక సందులో ఉన్న పిల్ల చదువు దాకా అది చేరదు.

అందుకని మేం పెట్టుకున్న పద్ధతి ఇది. వచ్చినవాళ్ల దగ్గర తలకు 400 రూపాయలు తీసుకుంటాం. అందులో 250 వాళ్లు వెళ్లిన ఇంటికి, 100 భోజనం వండిన వాళ్లకు, 50 చదువు ఖాతాకు. ఇంటి వాటా అంత పెద్దదేమిటి, చదువుకే ఎక్కువ పెట్టవచ్చు కదా అని మంచి మనసుతో అడిగేవాళ్లు చాలామంది ఉన్నారు. నలుగురు మనుషులు ఇంట్లోకి వచ్చి ప్రశ్నలు అడుగుతుంటే మగ్గం ఆగుతుంది. పేక, అంటే అడ్డంగా నేసే దారం, తెగితే అతకాలి, డిజైను లెక్క తప్పితే వెనక్కి విప్పాలి. ఒక పూట పని పోతుంది. ఆ పూట కూలి ముందు ఆ ఇంటికి అందాలి. ఎవరి ధర్మమో కాకుండా, చూపించిన పనికి వచ్చిన డబ్బుగా అందాలి. తల్లి చేతిలో కూలి డబ్బు ఉంటే పిల్లల చదువులో సగం సమస్య ఇంట్లోనే తీరిపోతుంది. పిల్లను బడి మాన్పించి పనిలో కూర్చోబెట్టే ఇల్లు చదువంటే ఇష్టం లేక అలా చెయ్యదు, ఇంకో రెండు చేతులు అవసరమై చేస్తుంది.

ఆ రెండు చేతుల సంగతి ఆసు దగ్గర చెప్పాలి. మా నేతలో పేక నూలుకు నేయకముందే డిజైను ప్రకారం ముడులు కట్టి రంగులు అద్దుతాం. దానికి ముందు దారాన్ని లెక్క ప్రకారం వరసలుగా పరచాలి, అదే ఆసు పోయడం. ఒక పక్క ఒకే మేకు, దానికి ఎదురుగా అర్ధచంద్రాకారంలో బోలెడు మేకులు. దారం పట్టుకున్న చెయ్యి ఈ చివరి మేకు నుంచి ఆ వరసలోని ఒక్కో మేకు దాకా వెళ్లి తిరిగి రావాలి. ఒక చీరకు చెయ్యి దాదాపు 9,000 సార్లు అలా ఆడాలి. నాలుగైదు గంటల పని. రోజుకు రెండు చీరల ఆసు పోస్తే ఎంతో మీరే లెక్క వేసుకోండి. మా పక్క ఆలేరుకు చెందిన చింతకింది మల్లేశం తల్లి లక్ష్మి భుజం నొప్పి చూడలేక ఆసు యంత్రం తయారు చేశారు, దానికి అమ్మ పేరే పెట్టారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. యంత్రంతో ఒక చీర ఆసు గంటన్నరలో అయిపోతుంది.

ఆ యంత్రం రాకముందు తల్లి భుజం పడిపోతే ఆసు ముందు కూర్చునేది కూతురే. నాతో కలిసి ఏడో తరగతి చదివిన అమ్మాయిల్లో బడి మానేసినవాళ్లు ఎక్కువమంది ఆసు దగ్గరికే వెళ్లారు. వాళ్లలో ఒకరిద్దరు నాకంటే లెక్కలు బాగా చేసేవాళ్లు. అందుకే ఎవరైనా చేనేత పిల్లల చదువు గురించి మాట్లాడితే నాకు ముందు ఆడపిల్లల భుజాలే గుర్తొస్తాయి.

మా ఇంట్లోనూ ఇప్పుడు యంత్రమే ఉంది. అయినా ఎవరైనా వస్తే అత్తమ్మ పాత ఆసు చట్రం కిందికి దింపిస్తారు. వచ్చినవాళ్లను కూర్చోబెట్టి దారం చేతికిస్తారు. మొన్న చలికాలంలో హైదరాబాద్ కాలేజీ పిల్లలు కొందరు వచ్చారు. ఒక అమ్మాయి రెండు వరసలు పోసి, భుజం రుద్దుకుంటూ, "అమ్మమ్మా, ఇది మీ మనవరాలికీ నేర్పుతారా?" అని అడిగింది. "నేర్పుతాను బిడ్డా, పుస్తకం మూసిన తర్వాత," అన్నారు అత్తమ్మ. మా సంఘం నియమాలన్నీ నేను పుస్తకంలో పేజీల కొద్దీ రాశాను, అత్తమ్మ ఒక్క ముక్కలో చెప్పేశారు.

చదువు ఖాతా నుంచి దేనికి ఇస్తామో చెబుతాను. సర్కారు బడిలో పాఠ్యపుస్తకాలు ఉచితం, మధ్యాహ్న భోజనం ఉంటుంది, యూనిఫాం ఇస్తారు. కాబట్టి ఆ పేరుతో ఎవరైనా సంచులు సంచులుగా తెచ్చి పంచితే రెండోసారి ఇచ్చినట్టే అవుతుంది. ఖర్చు వచ్చేది బడి ఇవ్వని చోట. గురుకులంలో సీటు వచ్చిన పిల్లకు పెట్టె, బకెట్టు, చలికి మంచి రగ్గు. పదో తరగతి అయ్యాక ప్రవేశ పరీక్షల ఫీజులు, ఆ పరీక్షకు తండ్రి తోడు వెళితే పోయే రోజు కూలి. ఇంటర్‌కు భువనగిరికో చౌటుప్పల్‌కో వెళ్లాల్సిన వాళ్లకు బస్సు పాసు. 2023 డిసెంబరు నుంచి ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకు ప్రయాణం ఉచితమయ్యాక మా పుస్తకంలో ఒక వరస మొత్తం ఖాళీ అయ్యింది. ఆడపిల్లల పాసులకు పెట్టే డబ్బు మగపిల్లల పాసులకూ కళ్లద్దాలకూ మళ్లించాం.

కళ్లద్దాలు అన్నాను కాబట్టి ఒక పిల్ల గురించి చెప్పాలి. ఎనిమిదో తరగతి చదువుతూ సెలవుల్లో అమ్మకు చిటికి కట్టడంలో సాయం చేసేది. చిటికి అంటే, చట్రం మీద బిగించిన నూలు మీద డిజైను గీసుకుని, రంగు అంటకూడని చోట గట్టిగా కట్టే కట్టు. పాత సైకిల్ ట్యూబును సన్నగా పీలికలు కోసి వాటితో కడతాం, రబ్బరు బిగుసుకుంటే రంగు నీళ్లు లోపలికి పోవు. కట్టు గీత మీదే పడాలి. వెంట్రుకవాసి పక్కకు జరిగితే నేసినప్పుడు చిలుక ముక్కు వంకరపోతుంది. ఈ పిల్ల కట్టిన కట్లు ఎప్పుడూ ఒక పక్కకే జరిగి ఉండేవి. నూలు ముక్కుకు తగిలేంత దగ్గరగా వంగి కట్టేది. పనిమీద ధ్యాస లేదని తల్లి తిట్టేది. ఆ కట్లు చూసిన మా సంఘంలోని ఒక పెద్దావిడకు అనుమానం వచ్చి, బడిలో బోర్డు కనిపిస్తుందా అని అడిగింది. కనిపించదట. పక్క పిల్ల నోటు పుస్తకం చూసి రాసుకుంటుందట. కంటి డాక్టరు దగ్గరికి తీసుకువెళ్లి, అద్దాలు చేయించి ఇచ్చాం. బస్సులో తిరిగి వస్తూ దారి పొడవునా ఆ పిల్ల దుకాణాల బోర్డులు బయటికి చదువుతూనే ఉంది. ఇప్పుడు ఇంటర్‌లో ఎంపీసీ చదువుతోంది. ఆ అద్దాల ఖరీదు ఎవరో ఒక కుటుంబం మా ఊళ్లో గడిపిన ఒకటి రెండు ఆదివారాల డబ్బు. ఆ కుటుంబానికి ఈ సంగతి తెలియదు, తెలియాల్సిన పనీ లేదు.

తెలియాల్సిన పని లేదని ఎందుకు అంటున్నానంటే, ఇక్కడే మాకు చాలా మాటలు పడతాయి. తమ డబ్బుతో చదివే పిల్ల ఎవరో చూడాలని, ఆ పిల్లతో ఫొటో దిగాలని అడుగుతారు. మేం చూపించం. ఊరు చిన్నది. ఫలానా పిల్ల సాయం మీద చదువుతోందని ఒకసారి ముద్ర పడితే, ఆ పిల్ల పెళ్లి మాటల దాకా ఆ ముద్ర వెంట వస్తుంది. ఒకసారి పెద్ద గుంపును తీసుకొచ్చిన ఒకాయన, పిల్లలను వరసగా నిలబెట్టి పాట పాడించమన్నాడు, బ్యాగులు తమ చేతుల మీదుగా పంచుతామన్నాడు. ఆ రోజు బడి ఉంది, పిల్లలు రారని చెప్పాం. గుంపు భోజనం కూడా చేయకుండా వెళ్లిపోయింది. వండిన అన్నం, పచ్చిపులుసు, జొన్నరొట్టెలు సంఘం ఆడవాళ్లం పంచుకున్నాం, వంట చేసినావిడకు కూలి ఖాతా నుంచి ఇచ్చాం. మళ్లీ అలాంటివాళ్లు వచ్చినా అదే చెబుతాం.

అమెరికాలో ఉండే ఒక తెలుగు కుటుంబం ఇంకో రకంగా అడిగింది. ఒక ఆడపిల్లను ఎంచి చెబితే ఆమె చదువు పూర్తయ్యేదాకా నెల నెలా పంపుతామన్నారు. వాళ్లది మంచి ఉద్దేశమే. నేను ఆ ఇంటావిడతో చాలాసేపు మాట్లాడాను. "అక్కా, ఒక ఇంటి పిల్లకు నెల నెలా డబ్బు వస్తే పక్కింటి పిల్ల ఏం అనుకుంటుంది? అదే ఇంట్లో తమ్ముడు ఏం అనుకుంటాడు? మీ ఉద్యోగం మారి మధ్యలో ఆగిపోతే ఆ పిల్ల ఏమవుతుంది?" అన్నాను. ఆమె కాసేపు ఆలోచించి, మరి ఏం చేయమంటారని అడిగారు. వాళ్ల అమ్మాయి పెళ్లి దగ్గర్లో ఉంది. పెళ్లిలో చుట్టాలకు పెట్టే చీరలు నేతగాళ్ల దగ్గరే, ముందు అడ్వాన్సు ఇచ్చి నేయించుకోమన్నాను. ఒక పడుగు, అంటే నిలువు దారాల వరస, మగ్గం మీదికి ఎక్కితే అందులో చీరలన్నీ దిగేసరికి నెల దాటుతుంది, తొందర పెట్టవద్దని కూడా చెప్పాను. ఆ ఏడాది నాలుగు ఇళ్లలో మగ్గాలు ఖాళీగా ఉండకుండా ఆడాయి. ఆ నాలుగు ఇళ్లలో ఎవరూ చదువు ఖాతాను ఏమీ అడగలేదు.

కొనే విషయం వచ్చింది కాబట్టి దీన్నీ చెప్పాలి. ముడులు కట్టి రంగు అద్ది నేసే మా పోచంపల్లి ఇక్కత్‌కు 2005లోనే భౌగోళిక గుర్తింపు వచ్చింది, అంటే ఆ పేరు ఈ ప్రాంతపు నేతకే చెందుతుంది. అయినా మా డిజైనును మిల్లు బట్ట మీద అచ్చువేసి పోచంపల్లి పేరుతోనే అమ్ముతుంటారు. చూడగానే తెలుసుకోవడం కష్టమేమీ కాదు. బట్టను తిరగేయండి. మా బట్టలో రంగు దారంలోనే ఉంటుంది కాబట్టి ముందూ వెనకా ఒకేలా కనిపిస్తుంది, అచ్చువేసినదానికి వెనక వైపు వెలిసినట్టు ఉంటుంది. బొమ్మ అంచులు చూడండి. చేత్తో కట్టి అద్దిన రంగు అంచు దగ్గర కాస్త చెదురుతుంది. గీత గీసినట్టు ఎక్కడా తేడా లేకుండా ఉంటే అనుమానించండి. వచ్చినవాళ్లకు అసలు బట్ట, అచ్చు బట్ట రెండూ చేతిలో పెట్టి చూపిస్తాం. నా దృష్టిలో చదువు ఖాతాలో వేసే 50 రూపాయల కంటే ఇది పెద్ద సాయం. అచ్చు చీర కొన్న ప్రతిసారీ ఒక మగ్గం కడుపు కొట్టినట్టే.

2020లో మా లెక్క అంతా తలకిందులైంది. మార్చి నుంచి మనిషి రాలేదు. నేసిన చీరలు ఇళ్లలో మడతల మీద మడతలుగా పేరుకుపోయాయి, కొత్త పడుగులు ఎవరూ ఇవ్వలేదు. సెప్టెంబరు నుంచి దూరదర్శన్ యాదగిరిలో, టీశాట్‌లో పాఠాలు మొదలైతే, కొన్ని ఇళ్లలో డిష్ రీఛార్జికి డబ్బు లేదు. ఒక ఇంట్లో ముగ్గురు పిల్లలకు ఒకే ఫోను, అదీ తండ్రి పని వెతుక్కోవడానికి జేబులో పెట్టుకుని వెళ్లేది. ఖాతాలో ఉన్న డబ్బు రీఛార్జులకు, బియ్యానికి ఖర్చయిపోయింది. చదువు డబ్బు బియ్యానికి ఎలా ఇస్తారని మాలో మాకు వాదన జరిగింది. ఖాళీ కడుపుతో టీవీ ముందు కూర్చున్న పిల్లకు పాఠం ఎక్కదని చివరికి అందరం ఒప్పుకున్నాం. యాత్రికుల డబ్బు వాన మీద ఆధారపడ్డ మెట్ట చేను లాంటిది, పండిన ఏడు గింజలు దాచుకోవాల్సిందే. అప్పటి నుంచి ఒక విద్యా సంవత్సరానికి సరిపడా డబ్బు ఖాతాలో ఉండేదాకా కొత్త ఖర్చు ఏదీ మొదలుపెట్టడం లేదు.

మా వాళ్లలో ఒక అబ్బాయికి చదువూ మగ్గమూ ఒకే దారిలో కలిశాయి. చేనేత సాంకేతిక డిప్లొమా చేయాలంటే ఇదివరకు తెలంగాణ పిల్లలు వెంకటగిరికో ఇంకా దూరానికో వెళ్లాల్సి వచ్చేది. 2024లో హైదరాబాద్‌లోనే అలాంటి సంస్థ ఒకటి మొదలైంది. మా సంఘంలోని ఒకావిడ కొడుకు అక్కడ చేరాడు. సెలవులకు వచ్చినప్పుడు రంగుల గురించి వాళ్ల నాన్నతో వాదిస్తాడు. ఎంత వేడి నీళ్లు, ఎంత ఉప్పు, ఎందుకు అని. వాళ్ల నాన్న చేతి అంచనాతో చేసే పనికి ఇతను అంకెలు రాస్తున్నాడు. చేరినప్పుడు వాడికి మేం ఇచ్చింది పెద్ద మొత్తమేమీ కాదు, మొదటి నెల గది అద్దె, ప్రయాణం. చదివిన పిల్లలందరూ మగ్గం మీదికే రావాలని నేను కోరుకోను. రావాలనుకున్నవాడు గత్యంతరం లేక కాకుండా ఇష్టపడి రావాలి.

ఈ ఏడు రావాలనుకునేవాళ్లకు కొన్ని మాటలు. ఆదివారం కంటే మామూలు రోజు రండి, మగ్గాలన్నీ ఆడుతూ ఉంటాయి. పిల్లలు కనిపించకపోతే సంతోషించండి, బడిలో ఉన్నారన్నమాట. మగ్గం ముందు కూర్చుని ఫొటో కావాలంటే నేసేవాళ్లను అడగండి, తెగిన పేక అతుక్కుంటున్నప్పుడు మాత్రం అడగకండి. బేరం దుకాణంలో ఆడండి, నేసే ఇంట్లో ఆడకండి. సగం రోజు మిగిలితే పుట్టపాక కూడా చూసి వెళ్లండి. నూలును నూనెలో, ఆముదం కాయల బూడిదలో నానబెట్టి నేసే తేలియా రుమాలు అక్కడిదే. ఆ నూలు వాసన ఒకసారి చూస్తే మరిచిపోలేరు.

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా వచ్చేవాళ్లు ఎక్కువ, ఖాతా నిండేది అప్పుడే. ఖర్చు జూన్, జులైలో. అదే సమయానికి వానలు పడి కొన్ని ఇళ్లలో గుంట మగ్గాల్లోకి నీళ్లు ఊరుతాయి, నూలు చెమ్మగిల్లుతుంది, పని ఆగుతుంది. ఫీజులు కట్టాల్సిన నెలలోనే కూలి ఉండదు. కాబట్టి వానాకాలంలో కూడా రండి, కాకపోతే ముందు రోజు ఒకసారి ఫోను చేయండి. ఏ ఇంట్లో మగ్గం ఆడుతుందో కనుక్కుని చెబుతాను. ఎక్కడా ఆడకపోతే ఆసు, చిటికి, రంగులు చూపిస్తాం. భోజనం ఎప్పటిలాగే ఉంటుంది, తీసుకునేది కూడా అదే 400.